లింబాద్రి గారి గర్భసంచి

దొంకల్‌పేటలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఆరోగ్య బీమా అంటే ఏమిటో మొదట చెప్పినవాడు లింబాద్రి. చెప్పడంలో అతనిది అందెవేసిన చెయ్యి. అంతకుముందు పదిహేనేళ్లు ఒక విత్తనాల కంపెనీలో పనిచేశాడు. మొలకెత్తిన విత్తనం తనంతట తానే అమ్ముడుపోతుందనీ, మొలకెత్తనిదాన్ని అమ్మడానికే మనిషి కావాలనీ అక్కడ నేర్చుకున్నాడు. ఆ కంపెనీ మూతపడ్డాక 'శ్రామిక మహిళా స్వస్థ నిధి' అనే సంస్థలో దొంకల్‌పేట శాఖాధికారిగా చేరాడు. ఈసారి అమ్మేది మంచి సరుకని అతను మనస్ఫూర్తిగా నమ్మాడు. ఆ నమ్మకంతోనే వాడవాడా తిరిగి, రోజుకో రూపాయి లెక్కన ఎనిమిది వందల నలభై మందిని చేర్పించాడు. పదిమంది తలో పిడికెడు వేస్తే ఒకరింట్లో పొయ్యి ఆరదని చెప్పినప్పుడల్లా అతనికే కళ్లు చెమర్చేవి.

మొదటి ఏడాదిలోనే చిక్కు వచ్చింది. చేరినవాళ్లకు జబ్బులు చేశాయి.

ఏడాది చివర హైదరాబాదులో శాఖాధికారుల సమావేశం పెట్టారు. సంస్థ డైరెక్టరు డాక్టర్ కమలనాభం. ఆయన డాక్టరే గాని నాడి చూసే డాక్టరు కాదు. పేదల రోగాల మీద లావుపాటి పుస్తకమొకటి రాసి ఆ బిరుదు తెచ్చుకున్నాడు. ఆయన లేచి, గ్లాసుడు నీళ్లు తాగి, "సభ్యుల అస్వస్థతే నేడు మన నిధి సుస్థిరతకు ప్రధాన అవరోధంగా పరిణమించింది" అన్నాడు. అందరూ రాసుకున్నారు. జబ్బు చేయడాన్ని సంస్థ తప్పు పట్టడం లేదనీ, ముందస్తు సమాచారం లేకుండా జబ్బుపడడం మాత్రం భాగస్వామ్య స్ఫూర్తికి విరుద్ధమనీ వివరించాడు. దీనికి పరిష్కారం ఎవరి దగ్గరైనా ఉందా అని అడిగాడు.

లింబాద్రి లేచి నిలబడ్డాడు. ఆ రోజు తను ఎందుకు లేచాడో తర్వాత చాలాసార్లు ఆలోచించుకున్నాడు గాని సరైన సమాధానం దొరకలేదు. ముందు వరుసలో కూర్చోవడమే కారణమై ఉండాలి. విత్తనాల వ్యాపారంలో ఏ రైతుకు ఏ పంటకాలంలో ఏ విత్తనం కావాలో ముందే రాయించుకునేవాళ్లమనీ, జబ్బులకు కూడా అలా ఏడాది మొదట్లోనే రాయించుకుంటే సరిపోతుంది కదా అనీ అన్నాడు. కమలనాభం కళ్లద్దాలు తీసి అతన్ని చూశాడు. మళ్లీ పెట్టుకుని చూశాడు. "క్షేత్రస్థాయి మేధస్సు అంటే ఇది" అన్నాడు.

పది రోజుల్లో సర్క్యులర్ వచ్చింది. దాని పేరు 'వార్షిక అస్వస్థతా ప్రణాళిక'. ప్రతి సభ్యురాలూ ఆ ఏడాది తనకు రాబోయే జబ్బునూ, అది వచ్చే నెలనూ జనవరి పదిహేనులోగా ప్రకటించాలి. ప్రకటించని జబ్బుకు చెల్లింపు ఉండదు. చివర ఈ ఆలోచనకు ఆద్యుడని లింబాద్రి పేరు వేశారు. అతను ఆ కాగితానికి ఫ్రేము కట్టించి ఇంట్లో టీవీ పైన తగిలించాడు. భార్య సులోచన దాన్ని రెండుసార్లు చదివింది. అత్తగారి పక్షవాతం ఏ నెలలో రాయాలని అడిగింది. ఆమె వెటకారం చేస్తోందని అతనికి అప్పుడు తోచలేదు.

ప్రణాళిక రాయడం నేర్పడానికి కమ్యూనిటీ హాల్లో శిక్షణ పెట్టాడు. ఆడవాళ్లు చాటలూ, తునికాకు కట్టలూ వెంట తెచ్చుకుని, చేతులు ఆడిస్తూనే విన్నారు. వాళ్లలో పెద్దది లస్మవ్వ. నలభై ఏళ్లుగా బీడీలు చుట్టి చుట్టి ఆమె బొటనవేళ్లు లోపలికి వంగిపోయాయి.

"నాకు ఏ రోగమొస్తదో నాకెట్ల ఎరుక సారు?" అని ఆమె అడిగింది.

లింబాద్రి దగ్గర జవాబు ఉంది. అన్నిటికీ అతని దగ్గర జవాబు ఉండేది. ఇప్పుడు ఎక్కడ నొప్పిగా ఉందో చూసుకుని అది పెరిగితే ఏమవుతుందో రాయమన్నాడు. లస్మవ్వ తనకు ఎక్కడ నొప్పి లేదో చెప్పడమైతే సులువని అంది.

వెనక వరుసలో సావిత్ర అనే ఆమె ఫారం పట్టుకుని లేచింది. ముప్పై ఆరేళ్లుంటాయి. రెండేళ్లుగా నెలలో ఇరవై రోజులు రక్తస్రావం. గర్భసంచి తీసేయాలని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. సర్కారు ఆరోగ్య కార్డు ఆమెకు లేదు. పెళ్లయినప్పుడు పుట్టింటి కార్డులో పేరు కొట్టేశారు, అత్తింటి కార్డులో ఎక్కించలేదు. ఆమెకు రాయబోయేది తెలుసుగాని రాయడం తెలియదు. లింబాద్రి చేతిలో అప్పుడు పేరూ నంబరూ నింపిన తన ఫారమే ఉంది. సంస్థ మీద నమ్మకం చూపించాలని సిబ్బంది అందరినీ కూడా సభ్యులుగా చేర్పించారు. ఆ ఫారం మీదే 'గర్భసంచి తొలగింపు' అని పెద్దక్షరాలతో రాసి, చూసి రాసుకొమ్మని ఆమెకు ఇచ్చాడు. సాయంత్రం ఫారాలన్నీ కట్టగట్టి పంపినప్పుడు అదీ వాటితోపాటు వెళ్లింది. కంప్యూటరులో ఎక్కించినవాళ్లు దాన్ని అలాగే ఎక్కించారు. ఆడవాళ్ల కోసం పెట్టిన నిధి కనక ఆడా మగా అని అడిగే గడి అందులో లేదు.

ఇంకో ఇబ్బంది వచ్చింది. నెల గడిలో ఆరు వందల మంది జనవరి అని రాశారు. వాళ్ల నొప్పులన్నీ అప్పటికే ఉన్నాయి మరి. హైదరాబాదు నుంచి వెంటనే రెండో సర్క్యులర్ దిగింది. శాఖకు నెలకు నాలుగు జబ్బులు మించరాదు. ఎవరివి అన్నది సమాజమే ప్రజాస్వామికంగా తేల్చుకోవాలి.

ఆడవాళ్లకు చీటీలు కొత్త కాదు. లస్మవ్వ అందరి పేర్లూ రాయించి, తంబాకు డబ్బాలో వేసి, నలభై ఎనిమిది చీటీలు తీయించింది. శాఖలో సభ్యుడే కదా అని లింబాద్రి పేరు కూడా వేసింది. అతనిది అక్టోబరులో పడింది. సావిత్రది ఆగస్టులో పడింది. వంతు రాని మిగతా సుమారు ఎనిమిది వందల మంది ఆ ఏడాది ఆరోగ్యంగా ఉన్నారని లింబాద్రి రిజిస్టరులో రాశాడు.

ఆ తర్వాత ఏం జరిగేదో అతనికి తెలుసు, తెలియనట్టు ఉండేవాడు. వంతు వచ్చినామెకు ఆ నెల ఒంట్లో బాగుంటే, నిజంగా బాగాలేని ఇంకొకామె ఆమె కార్డు పట్టుకుని ఆసుపత్రికి పోయేది. కార్డు మీద ఫొటో లేదు, నంబరే. ఎవరు ఎక్కువ బాధపడుతున్నారో లస్మవ్వ ఇంటింటికీ తిరిగి చూసి చెప్పేది. కాగితం మీద కంటి పొర తీయించుకున్నామె నిజానికి కాలు విరిగినామె. నెలకు నాలుగు లెక్క మాత్రం ఎప్పుడూ తప్పలేదు. హైదరాబాదులో కమలనాభం దీన్ని 'రోగాల సామాజిక యాజమాన్యం' అన్నాడు. బస్సుల్లో మనుషులు చూడవచ్చారు. లింబాద్రి వాళ్లకు తంబాకు డబ్బా చూపించి, శాలువాలు కప్పించుకున్నాడు. జనవరి నుంచి జూలై దాకా మూడు శాలువాలు వచ్చాయి.

ఆగస్టు రెండో వారంలో, కొత్తగా అచ్చేసిన కరపత్రాల పెట్టె ఎత్తుకుని ఆఫీసు మెట్లెక్కుతుంటే అతని గజ్జలో ఏదో జారి బిగుసుకుంది. అక్కడ వాపు ఉందని అతనికి ఏడాదిగా తెలుసు. ఎవరికీ చెప్పలేదు. మెట్ల మీదే కూలబడ్డాడు. ఆటోలో మండల కేంద్రంలోని నర్సింగ్ హోముకు తీసుకుపోయారు. హెర్నియా మెలిపడిందనీ, సాయంత్రంలోగా కోయకపోతే పేగు కుళ్లిపోతుందనీ అక్కడి డాక్టరు చెప్పాడు. నలభై వేలైనా కట్టాలి, లేదా నిధి కార్డైనా చూపించాలి. మూడు నెలలుగా లింబాద్రికి సగం జీతమే వస్తోంది. అదీ సుస్థిరతలో భాగమే. సులోచన కార్డు తీసుకొచ్చి చూపించింది. కౌంటరులో పిల్ల కంప్యూటరు చూసి, ఈ నంబరుకు గర్భసంచి ఆపరేషనుందనీ, అదీ అక్టోబరులో అనీ, ఇప్పుడే కుదరదనీ చెప్పింది. ఆగస్టులో మూడు జబ్బులు అయిపోయాయి. మిగిలిన ఒక్కటీ సావిత్రది.

కబురు అందుకుని సావిత్ర, లస్మవ్వ అరగంటలో వచ్చారు. లింబాద్రి మోకాళ్లు ముడుచుకుని బల్ల మీద పడి ఉన్నాడు. లస్మవ్వ అతని పక్కన కూర్చుని, నొప్పి ఎప్పటినుంచి, ఇంతకుముందు ఎవరికైనా చూపించారా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా, పదిలో ఎన్ని పాళ్లు నొప్పి అని వరసగా అడిగింది. ఆ ప్రశ్నలు అతను రాసినవే. ఆమె వెక్కిరించడం లేదు. అవే అడగాలని శిక్షణలో అతనే చెప్పాడు. పదికి పది అని అతను మూలిగాడు. లస్మవ్వ సావిత్ర వైపు చూసింది.

"నాది తీసుకోండ్రి సారు" అని సావిత్ర కొంగుముడిలోంచి కార్డు తీసింది. "రెండేండ్ల నుంచి ఓర్సుకుంటున్న. ఇంకొన్ని దినాలైతే ఏమైతది."

వద్దనాలని లింబాద్రికి అనిపించింది. అనాల్సిన మాట కూడా నోటిదాకా వచ్చింది. ఆ క్షణాన గజ్జలో మళ్లీ మెలిపెట్టింది. చెయ్యి చాచి కార్డు తీసుకున్నాడు.

డాక్టరు కార్డు చూశాడు, లింబాద్రిని చూశాడు. ఏడు నెలలుగా ఆ నిధి రోగులను కోస్తున్నవాడు గనక ఆశ్చర్యపోలేదు. "కాగితంలో ఉన్నది తియ్యాల్నా, కడుపుల ఉన్నది సరిజెయ్యాల్నా?" అని మాత్రం అడిగాడు.

లింబాద్రికి మెలకువ వచ్చేసరికి మణికట్టుకు పట్టీ కట్టి ఉంది. దాని మీద 'సావిత్ర, 36, స్త్రీ' అని ఉంది. దాన్ని విప్పేయమని నర్సును అడగడానికి సిగ్గుపడి చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు.

ఇంటికి రాగానే మొదట చేసిన పని సావిత్రకు ఒక ప్రత్యేక వంతు మంజూరు చేయమని హైదరాబాదుకు రాయడం. జరిగిందంతా రాస్తే తన ఉద్యోగం, ఆమె సభ్యత్వం రెండూ పోతాయని భయపడి, ఆమె పరిస్థితి విషమంగా ఉందని మాత్రం రాశాడు. వారానికి జవాబు వచ్చింది. "సదరు సభ్యురాలికి ఆగస్టు పదకొండున గర్భసంచి తొలగింపు విజయవంతంగా జరిగినట్లు రికార్డులు ధ్రువీకరిస్తున్నవి. ఆమెకు రెండవ గర్భసంచి ఉన్నచో తగు ఆధారములు జతపరచి పునఃదరఖాస్తు చేసుకొనగలరు."

ఆ ఉత్తరం పట్టుకుని అతను సావిత్ర ఇంటికి పోయాడు. ఆమె గోడకు ఆనుకుని చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పెదవులు సున్నం వేసినట్టు పాలిపోయాయి. ఇదివరకు రోజుకు వెయ్యి బీడీలు చుట్టేది, ఇప్పుడు నాలుగు వందలు దాటడం లేదు. ఉత్తరం చదివి వినిపించాక ఆమె నవ్వబోయింది, దగ్గు వచ్చింది. లస్మవ్వ మాత్రం ఉత్తరంతో పనిలేదంది. సారుది అక్టోబరు వంతు ఉంది, అందులోనూ అదే ఆపరేషను ఉంది, సావిత్ర దాంట్లో పోతుంది అని తేల్చేసింది. అందాకా ఎట్లా అని లింబాద్రి అడిగాడు. లస్మవ్వ సావిత్ర చాటలోంచి ఆకు తీసుకుని కత్తిరించసాగింది. శిక్షణలో అయితే ఆ ప్రశ్నకు అతనే జవాబు చెప్పి ఉండేవాడు.

సెప్టెంబరంతా అతను రోజూ ఆ వాడకు పోయాడు. మొదట్లో బత్తాయిలు తీసుకుపోయేవాడు. తర్వాత రక్తం పెరిగే మాత్రలు, సులోచన చేసిన నువ్వుండలు. ఒకరోజు సావిత్ర బోరింగు దగ్గర కళ్లు తిరిగి పడిపోయిందని తెలిసి పరిగెత్తబోయి, తన కుట్లు గుర్తొచ్చి, పొట్ట పట్టుకుని నడిచాడు. ఆ నడకలో అతను తన జీవితంలో కప్పించుకున్న శాలువాలను లెక్కపెట్టుకున్నాడు. చలికి కప్పుకోవడానికైనా ఒక్కటీ పనికిరాదని తేలింది.

సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన కొత్త సర్క్యులర్ వచ్చింది. సంస్థకు డబ్బిచ్చే విదేశీయులు అక్టోబరులో పరిశీలనకు వస్తున్నారు. ఎంపికచేసిన దొంకల్‌పేట శాఖలో అక్టోబరును 'శూన్య క్లెయిముల మాసం'గా జరుపుకోవాలి. ఆ నెలలో జబ్బులకు వంతులున్న సభ్యులు వాటిని దేశహితం దృష్ట్యా స్వచ్ఛందంగా వదులుకోవాలి.

లింబాద్రి ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కమలనాభానికి ఫోన్ చేశాడు. పదిహేనేళ్లు మొలకెత్తని విత్తనాలు అమ్మిన గొంతును ఆ రోజు మళ్లీ బయటికి తీశాడు. సభ్యుల క్లెయిములు నెలంతా సున్నాగా ఉంచే పూచీ తనదన్నాడు. అక్టోబరు వంతున్న మిగతా ముగ్గురినీ నవంబరులోకి జరిపి సర్దుతానన్నాడు. ఒక్క చిన్న విషయం మాత్రం మనవి చేసుకున్నాడు. అక్టోబరులో తన సొంత ఆపరేషను ఒకటి ఉంది, తను సిబ్బంది గనక అది సభ్యుల ఖాతాలోకి రాదు, సిబ్బంది సంక్షేమం కింద చూపించవచ్చు, పైగా అధికారి స్వయంగా నిధి కార్డు మీద ఆపరేషను చేయించుకున్నాడంటే వచ్చినవాళ్లకు నమ్మకం కలుగుతుంది అని చెప్పాడు.

అవతల కీబోర్డు టకటకలాడింది. కమలనాభం అతని ఫైలు తెరిచి చదువుతున్నాడు.

"లింబాద్రి గారూ," అన్నాడు కమలనాభం గంభీరంగా, "మీ గర్భసంచి విషయంలో సంస్థ మీకు సంపూర్ణంగా అండగా నిలుస్తుంది."

అక్టోబరు ఐదున సావిత్రకు ఆపరేషను జరిగింది. ఆమె మణికట్టు మీద 'లింబాద్రి, 52' అని రాశారు. రెండు సీసాల రక్తం కావాలంటే వాడలోంచి పదకొండు మంది వచ్చారు. ఇద్దరికి తప్ప మిగతా అందరికీ రక్తం తక్కువేనని తేలింది. ఆపరేషను గది బయట లింబాద్రి, సావిత్ర భర్తా ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఆలస్యం చేశారనీ, ఇంకో నెలైతే తను చెయ్యి పెట్టేవాణ్ణి కాదనీ డాక్టరు బయటికి వచ్చి కోపంగా అన్నాడు. మనిషి ప్రాణానికి భయం లేదని కూడా అన్నాడు. సావిత్ర భర్త మేస్త్రీ దగ్గర సిమెంటు మోసే మనిషి. అతను లేచి వెళ్లి రెండు టీలు తెచ్చి, ఒకటి లింబాద్రికి ఇచ్చాడు. ఆ టీ తాగడం లింబాద్రికి కష్టమైంది.

మూడో రోజున అతను ఆఫీసుకు వెళ్లాడు. విదేశీయులు వచ్చి, బోర్డు మీద సభ్యుల క్లెయిములు సున్నా అని చూసి, దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. పేదవాళ్లు ఇంత ఆరోగ్యంగా ఉండడం తాము ఏ దేశంలోనూ చూడలేదని మెచ్చుకున్నారు. వాళ్లు వెళ్లిన మర్నాడు లింబాద్రికి మెమో వచ్చింది. గర్భసంచి తొలగింపు అనంతరం ఆరు వారాల విశ్రాంతి తప్పనిసరి కాగా, అతను మూడవ దినముననే విధులకు హాజరగుట సంస్థ ఆరోగ్య నియమావళికి తీవ్ర ఉల్లంఘన. తక్షణం సెలవులో వెళ్లవలెను. బరువులు ఎత్తరాదు, వంగి పనిచేయరాదు.

అతను ఆ మెమోను సులోచనకు చూపించాడు. ఆమె చాలాసేపు నవ్వింది. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆమె అంతసేపు నవ్వడం అతను చూడలేదు. తర్వాత టీవీ పైన ఉన్న ఫ్రేము తీసి, అందులోని సర్క్యులర్‌ను బయటికి లాగి, దాన్ని స్టవ్ కింద పరిచింది.

సెలవులో మొదటి రోజు తోచక వాడకు నడిచాడు. సావిత్ర మంచం మీద పడుకుని ఉంది. నిజంగా ఆరు వారాలు లేవకూడనిది ఆమె. కానీ వారానికి ఇన్ని బీడీలని అప్పజెప్పకపోతే ఆమె పేరు మీద ఆకూ తంబాకూ ఇవ్వడం కంపెనీ మానేస్తుంది. ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే వాడలో ఆడవాళ్లు ఆమె చాటను ఆమె వాకిట్లోనే పెట్టి, తమ పని అయ్యాక తలా వంద చుట్టి పోతున్నారు. దానికి ఫారం లేదు, నెల లేదు. లస్మవ్వ కొద్దిగా పక్కకు జరిగింది. లింబాద్రి కూర్చున్నాడు.

ఆకు కత్తిరించడం ఫరవాలేదు. చుట్టడమే చేతకాలేదు. తంబాకు ఒక కొస నుంచి కారిపోయేది, దారం జారిపోయేది. పొద్దు వాలేదాకా కూర్చుంటే అరవై మూడు అయ్యాయి. వేళ్లు కాలినట్టు మండాయి. రోజుకు వెయ్యి అన్న మాట అతను కరపత్రంలో ఎన్నోసార్లు రాశాడు. అదెంత లెక్కో ఆ రోజే తెలిసింది. సాయంత్రం కంపెనీ ఏజెంటు గంప ముందు కూర్చుని, ఒక్కో కట్టా పట్టుకుని నలిపి చూశాడు. ఆడవాళ్లవి తీసుకున్నాడు. లింబాద్రివి మొత్తం పనికిరావని పక్కకు నెట్టేశాడు. ఎందుకు తీసుకోవో చెప్పమని లింబాద్రి గట్టిగానే అడిగాడు. ఏజెంటు తలెత్తకుండా, కారణాలు చెప్పే అలవాటు లేదన్నాడు.

మంచం మీద నుంచి సావిత్ర ఇటు తిరిగింది.

"నా మొదటి దినంవి గూడ అట్లనే నూకేసిండ్రు సారు" అంది. "రేపు జెర కొస గట్టిగ మడవుండ్రి."